సరఫరా గొలుసు పచ్చబడాలంటే కొనే పద్ధతి మారాలి

బ్రిటన్‌లో వాకర్స్ అనే బంగాళాదుంప చిప్స్ కంపెనీ ఉంది. ఒక్క చిప్స్ ప్యాకెట్ తయారీ వెనుక ఎంత కర్బన ఉద్గారం దాగి ఉందో తేల్చడానికి అది కార్బన్ ట్రస్ట్ అనే సంస్థతో కలిసి పొలం నుంచి దుకాణం దాకా లెక్క కట్టించింది. 2007లో ఆ అంకెను ప్యాకెట్ మీద అచ్చు వేసింది కూడా. ప్యాకెట్ మీది అంకె కన్నా, లెక్క కట్టే దారిలో బయటపడిన ఒక సంగతి నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది.

కంపెనీ దుంపలను తూకం వేసి కొనేది. బరువుకే డబ్బు కాబట్టి దుంపలు ఎండి తేలికపడకుండా రైతులు వాటిని తేమ నింపిన గిడ్డంగుల్లో ఉంచేవారు. ఆ తేమను నిలపడానికి కరెంటు కావాలి. అవే దుంపలు ఫ్యాక్టరీకి చేరి ముక్కలై నూనెలో పడ్డాక, లోపలి నీరు పోతే తప్ప చిప్స్ కరకరలాడవు. ఆ నీటిని ఆవిరి చేయడానికి మళ్లీ ఇంధనం కావాలి. అంటే గొలుసులో ఒక చివర డబ్బు పోసి నీరు నిలుపుతున్నారు, మరో చివర డబ్బు పోసి అదే నీటిని వదిలించుకుంటున్నారు. రెండు చోట్లా పొగ గొట్టాల నుంచి వెళ్లేది ఒకే ఆకాశంలోకి. దీన్ని ఆపడానికి కొత్త యంత్రమేదీ అక్కర్లేదు. దుంప మొత్తం బరువుకు కాకుండా, అందులో నీరు పోగా మిగిలే పదార్థానికి ధర కడితే చాలు.

ఇందులో రైతు తప్పేమీ లేదు. కొనేవాడు దేనికి డబ్బిస్తే రైతు దాన్నే పెంచుతాడు. వ్యాపారాల సరఫరా గొలుసులను పర్యావరణానికి అనుకూలంగా మార్చడం గురించి చర్చలు, ప్రతిజ్ఞలు, నివేదికలు ఎన్నో వస్తున్నాయి. వాటిలో చాలావరకు పర్యావరణ విభాగం గదిలోనే మొదలై అక్కడే ముగుస్తాయి. కాలుష్యం ఎంతన్నది మాత్రం కొనుగోలు విభాగం బల్ల మీద ఖాయమవుతుంది. ధర ఎలా కడుతున్నాం, గడువు ఎంత ఇస్తున్నాం, ఎన్నాళ్లకు మాట ఇస్తున్నాం అన్న మూడు ప్రశ్నల్లోనే అసలు విషయమంతా ఉందని నా నమ్మకం.

ముందుగా కాలుష్యం గొలుసులో ఎక్కడ ఉంటుందో చూడాలి. కంపెనీల ఉద్గారాలను లెక్కించడానికి ప్రపంచమంతా వాడే పద్ధతి జీహెచ్‌జీ ప్రోటోకాల్. అది ఉద్గారాలను మూడు భాగాలుగా విడదీస్తుంది. కంపెనీ సొంత బాయిలర్లు, సొంత వాహనాలు వదిలేవి స్కోప్ 1. కొనుక్కున్న కరెంటు, ఆవిరి వంటివాటి తయారీలో పుట్టేవి స్కోప్ 2. ఇక ముడిసరుకు, విడిభాగాలు, రవాణా, వినియోగదారు ఆ వస్తువును వాడటం, చివరికి పారేయడం వరకు మిగిలినదంతా స్కోప్ 3. దీనికోసం 2011లో ప్రత్యేక ప్రమాణం వచ్చింది, అందులో 15 విభాగాలు ఉన్నాయి.

చాలా కంపెనీలు స్కోప్ 1, 2 గురించి గట్టిగా చెబుతాయి. కార్యాలయం పైకప్పు మీద సౌర పలకలు, ఉద్యోగులకు విద్యుత్ వాహనాలు. మంచి పనులే. కానీ అసలు బరువు అక్కడ ఉండదు. క్రీడా దుస్తులు, బూట్లు అమ్మే ప్యూమా 2010 సంవత్సరానికి తన వల్ల ప్రకృతికి జరిగిన నష్టాన్ని డబ్బు రూపంలో లెక్కించి 2011లో ప్రకటించింది. మొత్తం 14.5 కోట్ల యూరోలు. అందులో ప్యూమా సొంత కార్యాలయాలు, గిడ్డంగులు, దుకాణాల వాటా కేవలం 6 శాతం. మిగతా 94 శాతం సరఫరా గొలుసులోనిది. ఇంకా లోతుకు వెళితే, సగానికి పైగా, అంటే 57 శాతం, గొలుసు అట్టడుగున ఉంది. పత్తి పండే పొలం, తోలునిచ్చే పశువుల మేత భూమి, రబ్బరు తోట అక్కడ ఉంటాయి. బూటు కుట్టే ఫ్యాక్టరీ వరకు వెళ్లి తనిఖీ చేసి వచ్చిన కంపెనీ కూడా ఆ పొలం గట్టు దాకా చేరి ఉండదు.

దూరం వెళ్లేకొద్దీ చూపు ఆనదు. కంపెనీ నేరుగా బిల్లు చెల్లించేది మొదటి అంచె సరఫరాదారుకు. అతనికి బట్ట ఇచ్చేవారు రెండో అంచె, నూలు ఇచ్చేవారు మూడో అంచె, పత్తి పండించేవారు నాలుగో అంచె. మొదటి అంచె పేర్లు కంపెనీ దగ్గర ఉంటాయి. రెండో అంచె పేర్లు చెప్పమంటే మొదటి అంచె యజమాని వెనుకాడతాడు. కారణం మొండితనం కాదు. తన బట్ట ఎక్కడి నుంచి వస్తుందో చెప్పేస్తే కంపెనీ తనను దాటేసి నేరుగా అక్కడే కొనుక్కుంటుందేమోనని భయం. ఆ భయానికి ఆధారం ఉంది, ఎన్నోసార్లు అలా జరిగింది కూడా. దీర్ఘకాలిక ఒప్పందం ఇవ్వని కొనుగోలుదారు పారదర్శకత ఆశించడం న్యాయం కాదు.

పేర్లు తెలియనప్పుడు ఉద్గారాలు ఎలా లెక్కిస్తారు? ఖర్చును బట్టి అంచనా వేస్తారు. ఒక పరిశ్రమలో సగటున ఇంత డబ్బు విలువకు ఇంత ఉద్గారం అని పట్టికలు ఉంటాయి. కంపెనీ ఉక్కు మీద పెట్టిన ఖర్చును ఆ సగటుతో గుణిస్తే ఉద్గారం వస్తుంది. గొలుసులో ఏ మూల బరువు ఎక్కువ ఉందో మొదటిసారి చూసుకోవడానికి ఇది పనికొస్తుంది. దీన్నే ఏటేటా ప్రగతి కొలిచే కొలబద్దగా వాడితే మాత్రం అంతా తలకిందులవుతుంది. కాలుష్యం తక్కువగా ఉండే ఉక్కును పది శాతం ఎక్కువ ధర పెట్టి కొన్నారనుకోండి. ఖర్చు పెరిగింది కాబట్టి లెక్కలో ఉద్గారం కూడా పది శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. సరఫరాదారును బేరమాడి ధర నలిపేస్తే, గాలిలోకి వెళ్లే పొగ రవ్వంత తగ్గకపోయినా, కాగితం మీద కంపెనీ పచ్చబడిపోతుంది. ఇది నాకు అన్నింటికన్నా ఎక్కువ కోపం తెప్పించే సంగతి. మంచి చేసినవాడికి శిక్ష, బేరం చేసినవాడికి మెప్పు.

సగటులతో మరో చిక్కు కూడా ఉంది. ఒకే వస్తువును పండించేవారి మధ్య తేడా సగటులో కనబడదు. 2018లో సైన్స్ పత్రికలో పూర్, నెమెచెక్ అనే ఇద్దరు పరిశోధకులు 119 దేశాల్లోని దాదాపు 38,700 క్షేత్రాల వివరాలు కూర్చి ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో గొడ్డు మాంసం ఉత్పత్తిదారుల్లో ఎక్కువ ఉద్గారాలున్న వర్గానికీ తక్కువ ఉన్న వర్గానికీ మధ్య తేడా 12 రెట్లు. వస్తువు ఒక్కటే, పేరు ఒక్కటే. ఎవరి దగ్గర కొంటున్నామన్నది తెలిస్తేనే ఆ తేడా చేతికి అందుతుంది. అందుకే వాడిన ఇంధనం, కరెంటు, నీటి మీటరు రీడింగులతో వేసే లెక్క కష్టమైనా తప్పదు. అది కూడా అన్ని వస్తువులకూ అక్కర్లేదు. చాలా కంపెనీల్లో కొద్ది రకాల ముడిసరుకే భారంలో పెద్ద వాటా మోస్తుంది. వాటితో మొదలుపెడితే చాలు.

ఇక ఒక అద్దకం మిల్లులోకి వెళదాం. బట్టల పరిశ్రమలో ఇంధనం విపరీతంగా ఖర్చయ్యే చోటు ఇదే. కుట్టుపని కరెంటుతో నడిచే చిన్న మోటార్ల పని. అద్దకం అలా కాదు, అదంతా వేడి నీళ్లు, ఆవిరి. ఒక కిలో బట్టను పాతకాలం యంత్రంలో ఒక్కసారి ముంచడానికి 15 నుంచి 20 లీటర్ల నీరు పడుతుంది. ఆ నీటిని వేడి చేయాలి. రంగు వేశాక దాన్ని వదిలేసి కడగడానికి మళ్లీ కొత్త నీరు పోయాలి, చాలాసార్లు దాన్నీ వేడి చేయాలి. కొత్త రకం యంత్రాలకు ఐదారు లీటర్లు చాలు. నీరు తగ్గితే దాన్ని కాచే బొగ్గూ తగ్గుతుంది, చివర్లో శుద్ధి చేయాల్సిన మురుగూ తగ్గుతుంది.

కొత్త యంత్రం దాకా కూడా పోనక్కర్లేదు. ఆవిరి గొట్టాలకు చుట్టిన పొర ఊడిపోయి ఉంటుంది. వాటి పక్కన నిలబడితే ఒళ్లంతా చెమట. ఆ వేడంతా కాల్చిన బొగ్గే. కీళ్ల దగ్గర ఆవిరి బుసకొడుతూ కారుతుంటుంది. పని పూర్తయిన ఆవిరి చల్లబడి వేడినీరుగా మారితే, దాన్ని తిరిగి బాయిలర్‌కు పంపకుండా కాలువలోకి వదిలేస్తుంటారు. యంత్రాన్ని చల్లార్చిన నీరు శుభ్రంగానే ఉన్నా అదీ కాలువ పాలే. అమెరికాకు చెందిన పర్యావరణ సంస్థ ఎన్‌ఆర్‌డీసీ ‘క్లీన్ బై డిజైన్’ పేరుతో చైనాలోని 33 మిల్లుల్లో ఇలాంటి మామూలు మరమ్మతులే చేయించి 2015లో ఫలితాలు ప్రకటించింది. పెట్టిన డబ్బు సగటున 14 నెలల్లో తిరిగి వచ్చింది.

పద్నాలుగు నెలల్లో తిరిగి వచ్చే పెట్టుబడిని యజమాని తనంతట తానే ఎందుకు పెట్టడు? ఈ ప్రశ్నకు తెలివిలేక అని జవాబు చెప్పుకుంటే మనం అతన్ని అర్థం చేసుకోనట్టే. అతని చేతిలో ఉన్న ఆర్డర్ మూడు నెలలది. వచ్చే సీజన్‌లో అదే కొనుగోలుదారు మీటరుకు కొన్ని పైసలు తక్కువ చెప్పిన మరో మిల్లుకు వెళ్లిపోవచ్చు. పద్నాలుగు నెలల తర్వాత తన మిల్లు నడుస్తుందో లేదో తెలియని మనిషికి పద్నాలుగు నెలల లాభం లెక్క చూపిస్తే ఏం ప్రయోజనం? పైగా చిన్న మిల్లుకు అప్పు దొరకడమే కష్టం, దొరికినా వడ్డీ ఎక్కువ. సరుకు పంపిన మూడు నాలుగు నెలలకు గాని డబ్బు చేతికి రాదు. కొనుగోలుదారు నుంచి మాత్రం ఏటా పర్యావరణ ప్రశ్నావళి వస్తుంది. పది మంది కొనుగోలుదారులుంటే పది ప్రశ్నావళులు, పది రకాల కొలమానాలు. నింపడానికి ఒక మనిషిని పెట్టుకోవాలి, ఆ జీతం అతనిదే. నింపినందుకు ఆర్డర్ పెరగదు, ధర పెరగదు. ఎద్దు పుండు కాకికి ముద్దు అన్నట్టు, అతని కష్టంలోంచి తయారైన అంకెలు కొనుగోలుదారు వార్షిక నివేదికకు అలంకారం అవుతాయి.

ఈ ముడిని విప్పిన పద్ధతులూ ఉన్నాయి. ప్యూమా 2016లో బీఎన్‌పీ పారిబా బ్యాంకుతో కలిసి ఒక ఏర్పాటు చేసింది. పర్యావరణం, కార్మికుల విషయంలో మంచి మార్కులు తెచ్చుకున్న సరఫరాదారుకు బిల్లు మీద ముందస్తు డబ్బు తక్కువ వడ్డీకి దొరుకుతుంది. వాల్‌మార్ట్ 2019లో హెచ్‌ఎస్‌బీసీతో ఇలాంటిదే మొదలుపెట్టింది. పెద్ద కంపెనీకి బ్యాంకు దగ్గర ఉన్న పరపతిని గొలుసులో కింద ఉన్నవాడికి అప్పుగా ఇవ్వడం అన్నమాట. దీనికి కంపెనీ పెట్టే ఖర్చు తక్కువ, మిల్లు యజమానికి అందే ఊపిరి ఎక్కువ. మెచ్చుకోలు పత్రాల కన్నా వడ్డీలో తగ్గిన ఒక్క శాతం ఎంతో బలంగా పనిచేస్తుంది.

గడువు సంగతికి వద్దాం. రవాణా అనగానే చాలామంది దూరం గురించి ఆలోచిస్తారు, దగ్గరి సరుకు మంచిది, దూరపు సరుకు చెడ్డది అనుకుంటారు. నిజానికి దూరం కన్నా వాహనం ముఖ్యం. ఒక టన్ను సరుకును ఒక కిలోమీటరు మోయడానికి పెద్ద కంటైనర్ నౌక సుమారు 10 నుంచి 20 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. సరుకు విమానం 500 గ్రాములకు పైనే వదులుతుంది. సరుకు విమానం ఎక్కడానికి కారణం చాలాసార్లు అత్యవసరం కాదు, ఆలస్యంగా తీసుకున్న నిర్ణయం. డిజైన్ ఖాయం చేయడంలో ప్రధాన కార్యాలయం మూడు వారాలు జాప్యం చేస్తుంది, దుకాణంలోకి సరుకు రావాల్సిన తేదీ మాత్రం మారదు. ఆ మూడు వారాలను ఆకాశంలో పూడ్చుకుంటారు. కొన్నిసార్లు విమానం ఖర్చు కూడా సరఫరాదారు మీదే పడుతుంది.

సముద్రం మీద కూడా ఇలాంటి ఒప్పందపు చిక్కు ఒకటి దశాబ్దాలుగా నడుస్తోంది. అద్దె ఒప్పందాల్లో నౌక వీలైనంత త్వరగా రేవుకు చేరాలన్న షరతు ఉంటుంది. రేవులో ఖాళీ లేదని ముందే తెలిసినా కెప్టెన్ వేగం తగ్గించకూడదు, తగ్గిస్తే ఒప్పందం ఉల్లంఘించినట్టు. పైగా రేవు బయట నిరీక్షించే కాలం ఒప్పుకున్న గడువు దాటితే నౌక యజమానికి పరిహారం ముడుతుంది. అందువల్ల నౌక పరుగెత్తి వెళ్లి, లంగరు వేసి రోజుల తరబడి నిలబడుతుంది. నౌకకు అవసరమైన ఇంజను శక్తి సుమారుగా వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. వేగం 10 శాతం తగ్గిస్తే శక్తి దాదాపు 27 శాతం తగ్గుతుంది. ప్రయాణం కొంచెం పొడవైనా మొత్తం ఇంధనంలో 19 శాతం దాకా మిగులుతుంది. అంతర్జాతీయ నౌకా సంఘం బిమ్కో 2021లో, రేవులో చోటు దొరికే వేళకు చేరేలా వేగం సర్దుకోవడానికి అనుమతించే షరతును తయారు చేసింది. ప్రపంచ ఉద్గారాల్లో నౌకా రవాణా వాటా దాదాపు 3 శాతం. అందులో కొంత భాగం ఒక వాక్యం మార్చడంతో తగ్గుతుందంటే, ఆ వాక్యం ఇన్నాళ్లూ ఎందుకు మారలేదన్నదే అడగాల్సిన ప్రశ్న.

ధ్రువపత్రాల విషయం తొందరగా చెప్పి ముగించదగినది కాదు గానీ, ఒక్క మెళకువ చెబుతాను. పామాయిల్ పర్యావరణానికి హాని లేకుండా పండిందని చెప్పే ఆర్‌ఎస్‌పీఓ అనే సంస్థ ధ్రువీకరణ ఉంది, ఆ సంస్థ 2004లో ఏర్పడింది. ధ్రువీకరించిన నూనె అన్నంత మాత్రాన సీసాలోని నూనె అంతా మంచి తోట నుంచే వచ్చిందని అర్థం కాదు. ఒక పద్ధతిలో ధ్రువీకరించిన నూనెను మొదటి నుంచి చివరి దాకా విడిగా ఉంచుతారు. ‘మాస్ బ్యాలెన్స్’ అనే పద్ధతిలో మామూలు నూనెతో కలిపేస్తారు, లెక్కల్లో మాత్రం కొన్నంత పరిమాణమే అమ్మినట్టు చూస్తారు. రెండోది మోసం కాదు, విడి ట్యాంకులు కట్టుకోలేని చోట ఆచరణకు వీలైన మెట్టు. కానీ రెండూ ఒకటి కావు. ధ్రువపత్రం ఉందా అని కాకుండా ఏ రకం ధ్రువపత్రం అని అడగాలి.

కొనుగోలు బలం ఎంత పని చేయగలదో, ఎక్కడ ఆగిపోతుందో చూపే ఉదాహరణ అమెజాన్ అడవిది. 2006లో బ్రెజిల్‌లోని సోయా వ్యాపార సంస్థలు, ఇకపై అమెజాన్ అడవి నరికి వేసిన నేలలో పండిన సోయా కొనబోమని ఒప్పందం చేసుకున్నాయి. అంతకుముందు రెండేళ్లలో అమెజాన్ ప్రాంతంలో సోయా సాగు విస్తరణలో దాదాపు 30 శాతం నేరుగా అడవి నరికిన నేల మీదే జరిగింది. 2014 నాటికి అది సుమారు 1 శాతానికి పడిపోయింది. ఎందుకు సాధ్యమైంది? రైతులు వేలమంది, కొనేవారు కొద్దిమంది. ఆ కొద్దిమంది కలిసి ఒకే మాట మీద నిలబడితే అడ్డదారిలో అమ్ముకునే చోటు లేకపోయింది. మాట నిలబడిందో లేదో ఉపగ్రహ చిత్రాలు చూపించాయి. అయితే ఒప్పందం గీత అమెజాన్ దగ్గరే ఆగింది. పక్కనే ఉన్న సెరాడో పచ్చిక బయళ్లలో సాగు విస్తరణ సాగిపోయింది. 2025లో బ్రెజిల్ పోటీ నియంత్రణ సంస్థ ఈ ఒప్పందం మీదే విచారణ చేపట్టింది, కొనుగోలుదారులు కుమ్మక్కై రైతులకు నష్టం చేస్తున్నారన్న ఆరోపణతో. కంపెనీల మధ్య కుదిరిన స్వచ్ఛంద ఒప్పందానికి చట్టం అండ లేకపోతే దాని పునాది ఎంత బలహీనమో దీన్నిబట్టి తెలుస్తుంది.

చట్టాలూ వస్తున్నాయి. ఫ్రాన్స్ 2017లో, జర్మనీ 2023 నుంచి పెద్ద కంపెనీలను తమ సరఫరా గొలుసుకు జవాబుదారీ చేశాయి. పశువులు, కోకో, కాఫీ, పామాయిల్, రబ్బరు, సోయా, కలప 2020 డిసెంబరు 31 తర్వాత నరికిన అడవి నేల నుంచి రాలేదని రుజువు చూపాలని యూరోపియన్ యూనియన్ 2023లో నిబంధన చేసింది. దాని అమలు ఒకసారి కాదు, రెండుసార్లు వాయిదా పడింది. పొలం ఎక్కడుందో భౌగోళిక నిర్దేశాంకాలతో సహా చెప్పాలి. పెద్ద తోటకు ఇది ఒక రోజు పని. రెండెకరాల కాఫీ రైతుకు దారే తెలియని పని. ఆ రుజువు ఖర్చు కొనుగోలుదారు భరించకపోతే జరిగేదొక్కటే, చిన్న రైతును జాబితా నుంచి తీసేసి పెద్ద తోట దగ్గర కొంటారు. అడవి మిగలొచ్చు, రైతు మిగలడు.

చట్టం గీసే గీతకు ఇవతల, అవతల సరుకును అటూ ఇటూ మార్చి చూపించే ప్రమాదం కూడా ఉంది. అల్యూమినియం తీసుకోండి. ఒక టన్ను తయారీకి 14, 15 మెగావాట్ అవర్ల కరెంటు కావాలి. జలవిద్యుత్‌తో చేసినదానికీ బొగ్గు కరెంటుతో చేసినదానికీ ఉద్గారాల్లో ఎన్నో రెట్లు తేడా. రెండు రకాల ప్లాంట్లూ ఉన్న కంపెనీ జలవిద్యుత్ లోహాన్ని నిబంధనలు కఠినంగా ఉన్న యూరప్‌కు, బొగ్గు లోహాన్ని మిగతా దేశాలకు పంపితే అందరి కాగితాలూ సరిగ్గానే ఉంటాయి. గాలిలోకి వెళ్లే పొగ మాత్రం అంతే ఉంటుంది. కొనుగోలుదారు అడగవలసింది తన వాటా సరుకు సంగతి ఒక్కటే కాదు. ఆ కంపెనీ మొత్తం ఉత్పత్తి ఏ దిశలో మారుతోందో అడగాలి.

చివరగా ఖర్చు. పచ్చదనం ఖరీదైనదని, దాన్ని ఎవరూ భరించలేరని తరచూ వినిపిస్తుంది. ఆ ఖర్చు గొలుసులో ఎక్కడ నిలబడి చూస్తున్నామన్నదాన్ని బట్టి మారిపోతుంది. ప్రపంచ ఆర్థిక వేదిక, బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ కలిసి 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఆహారం, నిర్మాణం, దుస్తులు, ఎలక్ట్రానిక్స్ వంటి ఎనిమిది సరఫరా గొలుసులే ప్రపంచ ఉద్గారాల్లో సగానికి పైగా మోస్తున్నాయి. వాటిని పూర్తిగా శుభ్రపరిచినా చివరి కొనుగోలుదారు చెల్లించే ధర 1 నుంచి 4 శాతమే పెరుగుతుందని ఆ అంచనా. ఒక కారులో దాదాపు టన్ను ఉక్కు ఉంటుంది. ఉక్కు ధర పావు వంతు పెరిగితే ఉక్కు కర్మాగారానికి అది ప్రాణసంకటం. కారు ధరలో అదే పెరుగుదల ఒక శాతం లోపు. మోయలేనివాడి నెత్తిన భారం పెట్టి, మోయగలిగినవాడు పక్కన నిలబడి భారం ఎక్కువగా ఉందంటున్నాడు.

స్వీడన్‌లో హైబ్రిట్ అనే ప్రాజెక్టు బొగ్గుకు బదులు హైడ్రోజన్‌తో ఇనుప ఖనిజాన్ని శుద్ధి చేసి, అలా తయారైన ఉక్కు మొదటి విడతను 2021 ఆగస్టులో వోల్వోకు అందించింది. సాంకేతికంగా సాధ్యమని అప్పుడే తేలింది. ఇక అది కర్మాగారాల స్థాయికి పెరగాలంటే తయారయ్యే ఉక్కును ఫలానా ధరకు ఇన్నేళ్లపాటు కొంటామని రాసిచ్చేవారు కావాలి. బ్యాంకులు ప్రయోగశాల ఫలితాలు చూసి అప్పు ఇవ్వవు, ఆ కాగితం చూసి ఇస్తాయి. కార్ల కంపెనీలు ఉక్కుకు అలాంటి ఒప్పందాలు రాయడం మొదలుపెట్టాయి. ఆవిరి గొట్టాలు కారుతున్న అద్దకం మిల్లు యజమాని చేతిలో మాత్రం ఇప్పటికీ మూడు నెలల ఆర్డరే ఉంది.